ఈస్ట్ ముసలిదవుతుందా, దాని నుంచి మన వృద్ధాప్యం గురించి ఏం తెలుస్తుంది?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో మళ్లీ చెబుతాను. ఎప్పటికప్పుడు విడిపోతూ సాగే ఏకకణ జీవికి వృద్ధాప్యం ఎలా వస్తుంది, వేడినీ ఆకలినీ తట్టుకునే శక్తికీ ఆయుర్దాయానికీ ఈస్ట్ పరిశోధకులు ఎందుకు ముడిపెడతారు, గుండె గానీ మెదడు గానీ లేని ఈ శిలీంధ్రంలో కనిపెట్టినది మనిషికి ఎంతవరకు వర్తిస్తుంది అని అడిగారు. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఈ అంశం తీసుకోవచ్చా అని కూడా చివర్లో ఒక మాట అడిగారు.

సూటిగా జవాబు ఇది. ఈస్ట్ కణం తప్పకుండా ముసలిదవుతుంది. ఎంత త్వరగా అవుతుందన్నది చాలావరకు ఆ కణం తన శక్తిని పెరుగుదలకు ఎంత వెచ్చిస్తోంది, తనను తాను కాపాడుకోవడానికి ఎంత వెచ్చిస్తోంది అన్నదానిపై ఆధారపడి ఉంటుంది. ఆ పంపకాన్ని నిర్ణయించే జన్యువులే ఒత్తిడిలో కణాన్ని బతికించే ఏర్పాట్లను కూడా నడుపుతాయి, వాటిలో ముఖ్యమైనవి మన కణాల్లోనూ ఉన్నాయి. అయితే ఈస్ట్ వల్ల మనకు తెలిసేది కణం లోపల ఏది దేన్ని అదుపు చేస్తుందన్న సంగతి మాత్రమే. ఏం తినాలి, ఏ మాత్ర వేసుకోవాలి అన్న సలహా అందులో లేదు. ఒత్తిడి అని నేను రాసిన ప్రతిచోటా అధిక వేడి, పోషకాల కొరత, ఆక్సీకరణం, ఉప్పు, ఆల్కహాల్ వంటివని అర్థం చేసుకోండి.

నేను పనిచేసేది రొట్టెల తయారీలో వాడే శాకరోమైసిస్ సెరవీసియే అనే ఈస్ట్‌తో. ఇది సరిగ్గా నడిమికి చీలి రెండు సమాన భాగాలు కాదు. తల్లికణం పక్కన చిన్న మొగ్గ పుట్టి, పెరిగి, విడిపోతుంది కనుక తల్లి ఏదో బిడ్డ ఏదో సూక్ష్మదర్శినిలో స్పష్టంగా తెలుస్తుంది. మొగ్గ విడిపోయిన చోట తల్లికణం గోడపై కైటిన్ అనే గట్టి పదార్థంతో ఏర్పడిన గుండ్రని మచ్చ మిగిలిపోతుంది. కాల్కోఫ్లోర్ అనే రంజకం వేసి అతినీలలోహిత కాంతిలో చూస్తే ఆ మచ్చలు నీలంగా మెరుస్తాయి, వాటిని లెక్కపెడితే ఆ కణానికి ఎన్ని కాన్పులయ్యాయో తెలుస్తుంది. 1959లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ మార్టిమర్, జాన్ జాన్‌స్టన్ అనే ఇద్దరు, పుట్టిన ప్రతి బిడ్డనూ పక్కకు తప్పిస్తూ ఒక్కొక్క తల్లికణాన్ని చివరిదాకా గమనించి, అది కొన్ని పదుల సార్లకు మించి విభజన చెందదని చూపించారు. సాధారణంగా ప్రయోగశాలల్లో వాడే రకాలకు ఆ సంఖ్య సగటున 20 నుంచి 25 దాకా ఉంటుంది.

ఆ పని ఇప్పటికీ అనేక ప్రయోగశాలల్లో చేత్తోనే జరుగుతుంది. అగర్ పళ్లెం మీద కణాలను వరుసగా పేర్చి, వెంట్రుకంత సన్నని గాజు సూదిని కణం పక్కన అగర్‌కు తాకిస్తాము. సూదికొనకూ అగర్‌కూ మధ్య చేరిన పలచని నీటిపొరకు అంటుకుని కణం సూది వెంట వస్తుంది. బిడ్డ తల్లిని వదలకపోతే బల్లను వేలితో మెల్లగా తట్టాలి, ఆ అదురుకు రెండూ విడిపోతాయి. 30 డిగ్రీల దగ్గర దాదాపు గంటన్నరకు ఒక కాన్పు అవుతుంది కనుక పగలంతా ఆ వరుసల చుట్టూ తిరుగుతూనే ఉండాలి. రాత్రికి పళ్లాన్ని 4 డిగ్రీల చలిలో పెడితే కణాలు ఉన్నచోటనే ఆగి, మరునాడు మళ్లీ మొదలుపెడతాయి. వయసు మీరుతున్న కణం చూడగానే తెలిసిపోతుంది. అది ఉబ్బుతుంది, కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం పెరుగుతుంది, చివరికి మొగ్గ వేయడం మానేస్తుంది.

దీన్ని విభజనల ఆయుర్దాయం అంటారు. రెండో కొలత కాలానుగత ఆయుర్దాయం. ద్రవ మాధ్యమంలో చక్కెర అయిపోయి విభజన ఆగిపోయిన కణాలు ఎన్నాళ్లు ప్రాణంతో ఉంటాయో, అప్పుడప్పుడు కొంత తీసి తాజా పళ్లెం మీద చల్లి, మొలిచిన కాలనీలను బట్టి కొలుస్తాము. మొదటిది మన శరీరంలో విభజన చెందుతూ ఉండే మూలకణాల వంటి వాటికీ, రెండోది విభజన మానేసిన నాడీకణాల వంటి వాటికీ ఉజ్జాయింపు నమూనా అంటారు. ఉజ్జాయింపు అన్న మాటను ఇక్కడ గట్టిగా పట్టుకోవాలి. ఒక కొలతలో ఆయుష్షు పెంచిన మార్పు రెండోదానిలో ఏమీ చేయకపోవడం, ఒక్కోసారి తగ్గించడం కూడా మామూలే. వార్తల్లో ఈస్ట్ ఆయుష్షు పెరిగిందని చదివినప్పుడు ఏ ఆయుష్షు అన్నది ముందు చూసుకోవాలి.

ముసలి తల్లికి పుట్టిన బిడ్డ దాదాపు పూర్తి ఆయుష్షుతోనే పుడుతుంది. అంటే వృద్ధాప్యానికి కారణమైనదేదో తల్లిలోనే నిలిచిపోతోందన్నమాట. మరీ చివరి కాన్పుల్లో మాత్రం ఆ కట్టడి సడలి, బిడ్డలు అల్పాయుష్షుతో పుడతాయి. తల్లిలో నిలిచిపోయేవి ఏమిటన్నది పరిశోధకులు ఒకటొకటిగా తెలుసుకున్నారు. ప్రోటీన్లను తయారుచేసే రైబోజోమ్‌లోని ఆర్‌ఎన్‌ఏకు సంబంధించిన డీఎన్‌ఏ వరుసల నుంచి తెగి వచ్చిన వలయాలు తల్లిలో పోగుపడతాయని 1997లో డేవిడ్ సింక్లెయిర్, లియొనార్డ్ గ్వారెంటె చూపించారు. ఆక్సీకరణంతో పాడైన ప్రోటీన్లు బిడ్డకు పోకుండా తల్లిలోనే ఉండిపోతాయని స్వీడన్‌లోని థామస్ నిస్ట్రోమ్ బృందం 2003లో నిరూపించింది. 2012లో ఆడమ్ హ్యూస్, డేనియల్ గాట్‌ష్లింగ్ మరో సంగతి కనిపెట్టారు. తల్లికణంలోని రిక్తిక, అంటే పోషకాలను నిల్వచేసి వ్యర్థాలను జీర్ణం చేసుకునే సంచి, మొదటి కొన్ని కాన్పులకే తన ఆమ్లత్వాన్ని పోగొట్టుకుంటుంది, ఆ తర్వాత కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా చెడిపోవడం మొదలవుతుంది, బిడ్డలో మాత్రం ఆమ్లత్వం మళ్లీ మామూలు స్థాయికి వస్తుంది. ఈ మూడింటిలో నాకు చివరిదే ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. మైటోకాండ్రియా దానంతటదే అరిగిపోతుందని అప్పటిదాకా చాలామంది అనుకునేవారు. రిక్తిక ఆమ్లత్వం పోతే అక్కడ నిల్వ ఉండాల్సిన సిస్టీన్ అనే అమైనో ఆమ్లం కణద్రవంలో పెరిగి, ఇనుము లభ్యతను దెబ్బతీసి, దాని ద్వారా మైటోకాండ్రియాను పాడుచేస్తుందని హ్యూస్ బృందమే 2020లో వివరించింది. ఒక చోట కనిపించే లోపానికి మూలం మరో చోట ఉందని ఇంత విడమరచి చెప్పడం ఈస్ట్‌లో తేలిక, ఎలుకలో చాలా కష్టం.

ఇక మీ రెండో ప్రశ్న. ఒత్తిడికీ ఆయుష్షుకూ ముడి ఎక్కడుంది? ఈ రంగంలో మలుపు తిప్పిన ప్రయోగాల్లో ఒకటి ఈ ముడిని ఆధారం చేసుకునే జరిగింది. వేల కణాల ఆయుష్షును సూదితో కొలవడం అసాధ్యం కనుక, 1990ల తొలినాళ్లలో మసాచుసెట్స్‌లోని ఎంఐటీలో గ్వారెంటె దగ్గర పనిచేస్తున్న బ్రయాన్ కెనెడీ, నికనోర్ ఆస్ట్రియాకో దొడ్డిదారి ఒకటి ఎంచుకున్నారు. ఎక్కువ కాలం బతికే రకాలు ఒత్తిడినీ బాగా తట్టుకుంటున్నాయని గమనించి, ఒత్తిడికి నిలిచిన ఉత్పరివర్తనాలను, అంటే జన్యువు మారిన రకాలను, ముందు ఏరి, ఆయుష్షును వాటిలోనే కొలిచారు. 1995లో ప్రచురించిన ఆ పనిలో ఆయుష్షును పెంచే మార్పులు నాలుగు జన్యువుల్లో దొరికాయి. వాటిలో సర్4 అనే జన్యువులోని ఒక మార్పు ఆయుష్షును 30 శాతానికి పైగా పెంచింది. సర్2 అనే మరో జన్యువు వెలుగులోకి వచ్చింది ఆ దారిలోనే. 1999లో మ్యాట్ కేబర్‌లైన్, మిచ్ మెక్‌వే, గ్వారెంటె సర్2 మోతాదు పెంచితే ఆయుష్షు పెరుగుతుందని, దాన్ని తొలగిస్తే బాగా తగ్గిపోతుందని చూపించారు.

ఒత్తిడి తట్టుకోవడమంటే ఏమిటో కంటితో చూడాలంటే చాలా సులువైన ప్రయోగం ఉంది. చక్కెర దండిగా ఉన్న మాధ్యమంలో చురుకుగా పెరుగుతున్న ఈస్ట్‌ను రెండు గొట్టాల్లో తీసుకోండి. ఒకదాన్ని నేరుగా 50 డిగ్రీల నీటి తొట్టెలో పెట్టండి. రెండోదాన్ని అరగంట సేపు 37 డిగ్రీలలో ఉంచి, తర్వాత 50లో పెట్టండి. పదేసి రెట్లు పలచన చేస్తూ రెండింటినీ పక్కపక్కనే పళ్లెం మీద చుక్కలుగా వేస్తే, రెండు రోజుల తర్వాత మొదటి వరుసలో చిక్కటి చుక్క దగ్గరే కొద్ది కాలనీలు మిగులుతాయి, రెండో వరుస మాత్రం చాలా పలచన చేసిన చుక్కల దాకా మొలుస్తుంది. ఆ అరగంటలో కణం ట్రెహలోజ్ అనే చక్కెరను, ఉష్ణఘాత ప్రోటీన్లను సిద్ధం చేసుకుంది. వాటిలో హెచ్‌ఎస్‌పీ104 లేకపోతే ఈ ముందస్తు రక్షణ చాలావరకు పోతుందని సూసన్ లిండ్‌క్విస్ట్ బృందం 1990లో చూపించింది. వేడికి విరూపమై ముద్దకట్టిన ప్రోటీన్లను విడదీసి మళ్లీ పనికొచ్చేలా చేయడం దాని పని. నిస్ట్రోమ్ బృందం తర్వాత గమనించినది ఇంకా ఆసక్తికరం. ముసలి తల్లికణాల్లో పాడైన ప్రోటీన్ల ముద్దల మీద కనిపించేదీ, ఆ ముద్దలు బిడ్డలోకి పోకుండా తల్లిలో నిలవడానికి కావలసినదీ ఇదే హెచ్‌ఎస్‌పీ104. వేడి నుంచి కాపాడే ప్రోటీన్ వృద్ధాప్యపు చెత్తను సర్దే పనిలోనూ ఉందన్నమాట.

ఈ రక్షణ ఎల్లప్పుడూ ఎందుకు నడవదన్నది అసలు ప్రశ్న. వానలు బాగా పడే ఏడు రైతు ఉన్న గింజలన్నీ చల్లుతాడు, కరువు కనిపించిన ఏడు విత్తనాన్ని గాదెలో దాస్తాడు. ఈస్ట్ కూడా అంతే. గ్లూకోజ్ పుష్కలంగా ఉన్నంతకాలం టార్, ఎస్‌సీహెచ్9, పీకేఏ అనే మూడు కైనేజ్‌లు, అంటే ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించి వాటి పనిని మార్చే ఎంజైములు, చురుకుగా ఉండి, రైబోజోమ్‌లను తయారుచేయించి, రక్షణ జన్యువులను అణిచి ఉంచుతాయి. గ్లూకోజ్ తగ్గగానే వాటి పట్టు సడలుతుంది. రక్షణ జన్యువులను మేల్కొలిపే ఎంఎస్‌ఎన్2 అనే నియంత్రకానికి ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్‌ను తగిలించి చూస్తే ఇది కళ్లముందే జరుగుతుంది. కణమంతటా పరుచుకున్న పచ్చదనం, చక్కెర తీసేసిన కొన్ని నిమిషాల్లోనే కేంద్రకంలోకి చేరి ఒక్క చుక్కగా నిలబడుతుంది. ఏ ఒత్తిడి వచ్చినా ఈస్ట్‌లో సుమారు 900 జన్యువులు ఒకే తీరున స్పందిస్తాయని 2000లో ఆడ్రీ గాష్ తదితరులు చూపించారు. వాటిలో దాదాపు 300 రక్షణకు చెందినవి పెరుగుతాయి, 600 దాకా పెరుగుదలకు చెందినవి తగ్గుతాయి. 2001లో వాల్టర్ లాంగో బృందం ఎస్‌సీహెచ్9ను తొలగిస్తే కాలానుగత ఆయుర్దాయం మూడు రెట్ల దాకా పెరుగుతుందని, ఆ కణాలు వేడినీ ఆక్సీకరణాన్నీ కూడా బాగా తట్టుకుంటాయని ప్రకటించింది. అంతకంటే ముఖ్యమైన విషయం, రక్షణను నడిపే రిమ్15 అనే కైనేజ్ లేకపోతే ఆ లాభం నిలవలేదు. ఆయుష్షు పెరిగింది పెరుగుదల నెమ్మదించినందుకు మాత్రమే కాదని, రక్షణ యంత్రాంగం నిజంగా పనిచేసినందుకని దీనితో తేలింది. విభజనల ఆయుర్దాయంలో కూడా అదే జాడ దొరికింది. 2005లో కేబర్‌లైన్, కెనెడీ మొదలైనవారు 564 జన్యువులను ఒక్కొక్కటిగా తొలగించి చూస్తే, ఆయుష్షు పెరిగిన పది రకాల్లో ఆరు టార్ మార్గానికి సంబంధించినవే.

ఒత్తిడి ఎంత అన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. చిన్న వయసులో కొద్దిసేపు వేడి తగిలిన తల్లికణాలకు ఆయుష్షు పెరిగిందని, అదే వేడి పదేపదే తగిలితే తగ్గిందని మైకేల్ జాజ్విన్‌స్కీ బృందం చూపించింది. ఒత్తిడి మంచిదే అని మీకెవరైనా చెబితే ఎంత, ఎంతసేపు, ఏ వయసులో అని అడగండి.

మనిషికి వర్తించే భాగం: టార్ కథే దీనికి అన్నిటికంటే బలమైన ఉదాహరణ. 1964లో ఈస్టర్ దీవికి వెళ్లిన కెనడా బృందం తెచ్చిన మట్టిలోని సూక్ష్మజీవి నుంచి, మాంట్రియల్‌లో భారత సంతతి శాస్త్రవేత్త సురేంద్రనాథ్ సెహ్‌గల్, ఆయన సహచరులు రాపమైసిన్‌ను వేరుచేశారు. మొదట అది శిలీంధ్రాలను ఆపే మందుగా తెలిసింది. శిలీంధ్రాన్ని ఆపుతుంది కనుకనే అది దేనిపై పనిచేస్తుందో వెతకడానికి ఈస్ట్ సరైన జీవి అయింది. 1991లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో జోసెఫ్ హైట్‌మన్, రావు మొవ్వ, మైకేల్ హాల్ రాపమైసిన్‌కు లొంగని ఈస్ట్‌లను ఏరి, టార్ జన్యువులను కనుగొన్నారు. మనలోని ఎంటార్ ఆ కుటుంబానికి చెందినదే. 2009లో అమెరికాలోని మూడు కేంద్రాలు కలిసి, 600 రోజుల వయసు దాటిన ఎలుకలకు రాపమైసిన్ పెడితే కూడా ఆయుష్షు పెరిగిందని, 90 శాతం ఎలుకలు చనిపోయే వయసును బట్టి లెక్కిస్తే ఆడవాటిలో 14 శాతం, మగవాటిలో 9 శాతం పెరుగుదల ఉందని ప్రకటించాయి. ఈస్ట్ నుంచి ఎలుక దాకా మధ్యలో తెగకుండా వచ్చిన దారి ఇది. స్వభక్షణ, అంటే కణం తన పాత భాగాలను తానే జీర్ణం చేసుకోవడం, రెండో ఉదాహరణ. యొషినోరి ఒసుమి ఆకలితో ఉన్న ఈస్ట్ రిక్తికలను చూస్తూ దాని జన్యువులను కనిపెట్టి 2016లో నోబెల్ అందుకున్నారు. ఆ జన్యువులకు సాటివి మనలోనూ ఉన్నాయి.

దారి తెగిన చోట్లు కూడా చెప్పాలి. నేను పైన రాసిన డీఎన్‌ఏ వలయాలు ఈస్ట్ వృద్ధాప్యంలో ముఖ్యమైనవే గానీ, మన వృద్ధాప్యానికి అవి కారణమన్న ఆధారం లేదు. జంతు కణాల ద్రవంలో హెచ్‌ఎస్‌పీ104 లేదు, ముద్దలు విడదీసే పని వేరే ప్రోటీన్లు వేరే తీరున చేస్తాయి. ఆహారం తగ్గించడం వల్ల వచ్చే ఆయుష్షుకు సర్2 తప్పనిసరి అని 2000లో గ్వారెంటె ప్రయోగశాల అంటే, సర్2 లేకున్నా ఆయుష్షు పెరుగుతుందని 2004లో కేబర్‌లైన్, కెనెడీ చూపించారు. ఏ రకపు ఈస్ట్ వాడారు, చక్కెర ఎంతకు తగ్గించారు అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుందని అప్పుడు అందరికీ తెలిసివచ్చింది. ద్రాక్షలోని రెస్వెరట్రాల్ సర్2ను ఉత్తేజపరుస్తుందని 2003లో వచ్చిన వాదం మీద ఒక కంపెనీయే పుట్టింది, దాన్ని 2008లో గ్లాక్సో స్మిత్‌క్లైన్ 72 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. తర్వాత ఆ ఉత్తేజం చాలావరకు ప్రయోగంలో వాడిన మెరిసే రసాయనం వల్ల కలిగిన భ్రమ అని ఇతరులు విమర్శించారు, ఆ దారిలో వృద్ధాప్యానికి మందేదీ రాలేదు. దుకాణాల్లో ఇప్పటికీ ఆ మాత్రలు అమ్ముతున్నారు. ఈస్ట్‌ను సాక్ష్యంగా చూపి అమ్మే ఏ మాత్రనైనా కొనవద్దనే నా సలహా. రాపమైసిన్ కూడా మూత్రపిండ మార్పిడి చేయించుకున్నవారికి రోగనిరోధక శక్తిని అణచడానికి ఇచ్చే మందు, వైద్యుని పర్యవేక్షణ లేకుండా వాడదగినది కాదు.

ఈ మధ్య వచ్చిన పనుల్లో ఒకటి తప్పక చదవండి. కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో నాన్ హావో బృందం, సూదికి బదులు అతిసన్నని కాలువల్లో తల్లికణాలను బంధించి కెమెరాతో చూస్తూ, ఒకే రకపు కణాలు రెండు వేర్వేరు దారుల్లో ముసలివవుతాయని గమనించింది. ఒక దారిలో సర్2 పట్టు పోయి రైబోజోమ్ డీఎన్‌ఏ అదుపు తప్పుతుంది, రెండో దారిలో మైటోకాండ్రియా పాడవుతుంది. 2023లో వారు ఈ రెండింటి మధ్య కణాన్ని అటూఇటూ ఊగించే జన్యు వలయాన్ని అమర్చి, ఏ దారిలోనూ స్థిరపడనీయకుండా చేస్తే ఆయుష్షు 82 శాతం పెరిగింది. ఒక జన్యువును పెంచడమో తగ్గించడమో కాకుండా నియంత్రణ తీరునే మార్చడం ఇందులోని కొత్తదనం.

ప్రాజెక్టు సంగతి. తీసుకోవచ్చు, కానీ సూదితో చేసే విభజనల ఆయుర్దాయం ఆరు నెలల ప్రాజెక్టుకు వద్దు. చెయ్యి కుదరడానికే చాలా సమయం పడుతుంది. ఉష్ణ సహనం, కాలానుగత ఆయుర్దాయం చిన్న ప్రయోగశాలలో కూడా సాధ్యం. షేకర్, నీటి తొట్టె, అగర్ పళ్లేలు ఉంటే చాలు. దుకాణంలో దొరికే పొడి ఈస్ట్‌తో మొదలుపెట్టకండి, దాని జన్యు నేపథ్యం మీకు తెలియదు. బీవై4741 వంటి తెలిసిన రకాన్నీ, అదే నేపథ్యంలో ఒకటి రెండు జన్యువులు తొలగించిన రకాలనూ సంపాదించండి.

నాలుగు జాగ్రత్తలు తప్పనిసరి. ఉష్ణ సహనం చూసేటప్పుడు అన్ని గొట్టాల్లోనూ కణాలు ఒకే పెరుగుదల దశలో ఉండాలి, ఎందుకంటే చక్కెర అయిపోయిన కణాలు ఏ ముందస్తు వేడీ లేకుండానే 50 డిగ్రీలను బాగా తట్టుకుంటాయి. కాలానుగత ఆయుర్దాయంలో మాధ్యమపు పీహెచ్ కొలవకుండా ఏ నిర్ణయానికీ రావద్దు. ఈస్ట్ తాను వదిలే అసిటిక్ ఆమ్లంతోనే చస్తుందని 2009లో తేలింది, కాబట్టి ఆమ్లాన్ని తక్కువగా వదిలే ఉత్పరివర్తనం వృద్ధాప్యాన్ని ఆపినట్టు కనిపించవచ్చు. పీహెచ్ 6 దగ్గర నిలిపిన మాధ్యమంలో అదే ప్రయోగాన్ని పక్కనే నడపండి. బీవై4741 హిస్టిడిన్, లూసిన్, మెథియొనిన్, యురాసిల్ తానుగా చేసుకోలేదు కనుక వాటిని దండిగా వేయండి, లేకపోతే మీరు కొలిచేది ఆ కొరతనే. ఇక నాలుగోది. చాలా రోజుల తర్వాత బతికున్న కణాల సంఖ్య తగ్గుతూ తగ్గుతూ హఠాత్తుగా పెరిగిందనుకోండి, కణాలు మళ్లీ యవ్వనానికి వచ్చాయని సంబరపడవద్దు. చచ్చిన కణాల నుంచి వెలువడిన పోషకాలను తిని కొన్ని ఉత్పరివర్తనాలు మళ్లీ పెరగడం మొదలుపెట్టాయని అర్థం. ఆ రోజు నుంచి ఆ ఫ్లాస్కు లెక్కలను గ్రాఫులోకి తీసుకోకండి, అందుకే మొదటే ప్రతి రకానికీ మూడు నాలుగు ఫ్లాస్కులు పెట్టుకోండి.